చెట్టు తొర్రలో దాచిన గింజలు: గోదావరి ఒడ్డు నుంచి మధిర దాకా భయం తగ్గిన దారి

మన కోయ పెద్దలు ఒకప్పుడు పండిన గింజలను ఇంట్లో ఉంచుకునేవారు కాదు. కొండ గుహల్లో దాచేవారు, పెద్ద చెట్ల తొర్రల్లో దాచేవారు. భద్రాచలం తాలూకా నిజాం నుంచి ఇంగ్లీషువాళ్ల చేతికి మారిన 1860 ప్రాంతం దాకా చాలామందికి అదే గాదె. పందికొక్కుల భయం ఎలాగూ ఉండేదే. అసలు భయం మనుషులంటే.

భద్రాచలం జమీందారు ఒక రోహిలా దండును పెట్టుకున్నాడు. ఆ దండుకు జీతం నామమాత్రం, ఊళ్ల మీద పడి దోచుకోవడమే బతుకుతెరువు. ఇరవై ఐదు కోయ ఊళ్లు కలిస్తే ఒక సముతు. భద్రాచలం తాలూకాలో అలాంటి సముతులు పది ఉండేవి. వంతుల ప్రకారం ఒక్కో సముతు నెల రోజులపాటు వంద మంది కోయలను ఆ దండుకు మూటలు మోయడానికి, సరుకు తెచ్చిపెట్టడానికి పంపాలి. ఆ నెల రోజుల బత్తెం కూడా మోసేవాడే తెచ్చుకోవాలి. చర్ల, ఆలుబాక వంటి చోట్ల చిన్న జమీందార్లు కూడా తమ తమ మందలను ఉంచుకుని ఇదే పని చేయించేవారు. కోయ ఆడవాళ్ల ఒంటి మీది బట్టలు లాక్కుని నవ్వుకున్న సంగతులు కూడా రాతలోకి ఎక్కాయి.

ఈ వివరాలు రాసిపెట్టినవాడు జాన్ కెయిన్. చర్చి మిషనరీ సొసైటీ తరఫున 1870లలో దుమ్ముగూడెంలో పనిచేసినవాడు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి 'ఇండియన్ యాంటిక్వరీ' అనే పత్రికలో 1876 నుంచి వ్యాసాలు రాశాడు. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల గురించి ఏడు సంపుటాలు అచ్చువేసినప్పుడు కోయల అధ్యాయానికి ఎక్కువ సరుకు కెయిన్ రాతల నుంచే తీసుకున్నాడు. కెయిన్ మనల్ని చూసిన చూపులో తెల్లదొరతనం ఉంది. కొన్ని పేజీలు చదువుతుంటే ఒళ్లు మండుతుంది. కానీ ఈ దోపిడీ సంగతి మాత్రం కోయలు తనకు పదేపదే చెప్పిన మాటగానే రాశాడు. రాత్రి పడుకుంటే తెల్లారేలోపు ఎవరో వచ్చి లేపుతారేమో, ఇల్లు తగలబెడతారేమో, ఉన్నదంతా ఎత్తుకుపోతారేమో అన్న దిగులు లేకుండా తాము ఏనాడూ కన్ను మూయలేదని మన పెద్దలు ఆయనతో చెప్పుకున్నారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చరిత్ర చెప్పమంటే నేను ఇక్కడి నుంచి మొదలుపెట్టడానికి ఒక కారణం ఉంది. మన ఊళ్లలో ఈ విషయం మీద ఇప్పుడు రెండు కథలు నడుస్తున్నాయి. మందిరంలో సాక్ష్యం చెప్పేవాళ్లు మన తాతలు దయ్యాలకు, చేతబడికి వణికిపోయేవారని, సువార్త రాగానే ఆ చీకటి పోయిందని అంటారు. మన పండుగలను తిరిగి నిలబెట్టాలని తిరుగుతున్న కుర్రాళ్లు మన తాతలు దేనికీ భయపడలేదని, భయం నేర్పిందే మిషనరీలని అంటారు. కాగితం మీద దొరుకుతున్న ఆధారం ఈ రెండింటికీ పూర్తిగా సరిపోదు. భయం ఉంది. చాలా ఉంది. అందులో పెద్ద భాగానికి దయ్యాలతో సంబంధం లేదు. దానికి గుర్రాలున్నాయి, కత్తులున్నాయి, జమీందారు పేరుంది.

మిగతా భాగాన్ని కూడా దాచుకోవద్దు. మనిషి చనిపోతే అది మామూలు చావు అని ఒప్పుకోవడం ఆ రోజుల్లో అరుదు. ఎవరో చేశారు, ఎవరో పెట్టారు అన్న అనుమానం వచ్చేది. అనుమానం వచ్చిన మనిషి తన తప్పు లేదని రుజువు చేసుకోవాలి. కాగే నూనెలో చెయ్యి పెట్టించే పరీక్షల మాట ఆ కాలపు రాతల్లో వస్తుంది. ఆ అనుమానం తరచుగా ఎవరి మీద పడేదో ఊహించడానికి పుస్తకం అక్కర్లేదు: ఒంటరి ముసలమ్మ, పొలం గట్టు తగాదా ఉన్న పొరుగువాడు, నాలుగు మందాకులు తెలిసిన మనిషి. ఆపైన పులి, మశూచి, కలరా, వానాకాలం జ్వరాలు. వీటన్నిటికీ వడ్డె దగ్గర ఒక జవాబు ఉండేది, వేల్పు దగ్గర ఒక మొక్కు ఉండేది. ఆ మొక్కు వల్ల మనిషికి ధైర్యం వచ్చేది కూడా. కొలుపు అయ్యాక డోలు చప్పుడు వింటూ నిద్రపోయిన పిల్లవాడికి భయం తగ్గిందా పెరిగిందా అని అడిగితే తగ్గిందనే చెబుతాను. వేల్పు భయపెట్టడానికే ఉందనేవాళ్లు ఒక్క కొలుపైనా దగ్గర నుంచి చూసి ఉండరు.

ఇక దుమ్ముగూడెం సంగతి. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం కట్టిన తర్వాత గోదావరి మీద పడవలను ఎగువకు, మధ్య పరగణాల దాకా నడపాలని ఒక పెద్ద పథకం వేశారు. నదికి అడ్డంగా రాళ్లున్న మూడు చోట్ల ఆనకట్టలు, లాకులు, కాలువలు కట్టాలి. అందులో మొదటిది దుమ్ముగూడెం. అక్కడి పని చూసిన ఇంజనీరు కెప్టెన్ హెయిగ్. ఈయనే తర్వాత జనరల్ అయ్యాడు. భక్తి గల మనిషి. పనివాళ్ల మధ్య ప్రార్థనలు పెట్టించాడు, 1860లో కోయల మధ్య మిషన్ పని మొదలవడానికి కారకుడయ్యాడు. ఆయన ఆఫీసులో గుమాస్తాగా ఉన్న వెంకటరామరాజు అనే రాజుల కుటుంబీకుడు క్రైస్తవుడై, సర్కారు ఉద్యోగం వదులుకుని, తక్కువ జీతానికి ఆ పనిలోకి దిగాడు. తర్వాత గురువుగా అభిషేకం పొందాడు. మన ప్రాంతంలో సువార్త మొదట నడిచింది ఒక తెలుగువాడి కాళ్ల మీద. తెల్లవాళ్ల మతం అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లు ఈ వెంకటరామరాజును మరచిపోతున్నారు. మన చర్చిల్లో కూడా హెయిగ్ పేరు చెప్పి ఈయన పేరు దాటేస్తారు.

ఆ ఆనకట్ట పనుల్లో జ్వరాలు కూలీలను కోతకోసినట్టు కోశాయి. 1871లో ప్రభుత్వం ఎగువ గోదావరి పథకాన్ని మొత్తంగా ఆపేసింది. ఇంజనీర్లు వెళ్లిపోయారు, కూలీలు చెదిరిపోయారు. ఆనకట్ట ఇప్పటికీ ఉంది, చూసే ఉంటారు. మిషన్ మాత్రం కదలలేదు. నా ఉద్దేశంలో మన పెద్దలు మొదట గమనించింది ఇదే. అడవిలోకి వచ్చినవాడు ఎవడైనా ఏదో ఒకటి పట్టుకుని పోయేవాడు: టేకు, గింజలు, మనుషులు. పని ఆగిపోయాక కూడా, జ్వరం ఉన్న చోట, పట్టుకుపోవడానికి ఏమీ లేకపోయినా ఉండిపోయిన మనుషులు వాళ్లకు కొత్త. నమ్మకం అనేది బోధ కన్నా ముందు అలాంటి చోట మొదలవుతుంది.

అయినా మన కోయలు పరుగెత్తుకు వెళ్లి బాప్తిస్మం తీసుకోలేదు. దుమ్ముగూడెం సంఘాల్లో మొదటి తరంలో ఎక్కువగా చేరింది మాలవారు. కోయల కోసమని పెట్టిన మిషన్‌లో కోయలే తక్కువ. కారణాలు కష్టమైనవేమీ కావు. గట్టు దాటితే పెళ్లి సంబంధం పోతుంది. చచ్చినవారికి చేయాల్సింది చేయకపోతే పెద్దలు ఊరుకోరు. కులపెద్ద కాదంటే ఊళ్లో నిప్పు కూడా పుట్టదు. ఒంటరిగా మిగిలిపోతానేమో అన్న భయం దయ్యం భయం కన్నా బలమైనది. ఈ భయానికి బోధ సరిపోదు, తోడు కావాలి. అందుకే తర్వాతి కాలంలో కూడా మన వైపు విశ్వాసం ఒక్కో మనిషిగా కన్నా ఇళ్లుగా, గుంపులుగా కదిలినప్పుడే నిలిచింది.

మధ్యలో 1879 వచ్చింది. రంప పితూరీ ఆ ఏడాది మార్చిలో తూర్పు కొండల్లో మొదలై, జులై నాటికి రేకపల్లి వైపు పాకింది. అక్కడ అంబుల్ రెడ్డి నాయకుడు. 1874లో ఈ తాలూకాలు మధ్య పరగణాల నుంచి మద్రాసు ప్రభుత్వం కిందికి మారాయి. అంతకుముందు పోడుకు గొడ్డలికి నాలుగణాలు ఉన్న పన్ను కొత్త ప్రభుత్వంలో దాదాపు మూడింతలైంది. కొన్ని అడవుల్లో పోడు కొట్టడానికే వీల్లేదన్నారు. రోహిలాల భయం పోయిందనుకునే లోపు అడవి గుమాస్తా భయం వచ్చింది. ఆ పితూరీలో సైన్యాలు దిగాయి, నెలల తరబడి వేట సాగింది. ప్రార్థన చేసేవాడైనా, వేల్పును మొక్కేవాడైనా ఆ రోజుల్లో అడవిలో ఒకేలా దాక్కోవాల్సి వచ్చింది.

పితూరీ అణిగిన దాదాపు పదేళ్లకు, 1889లో, కెయిన్ చేసిన ఒక పని బయటికి వచ్చింది. లూకా సువార్త కోయ మాటలో అచ్చయింది. నాకు తెలిసినంతలో మన మాటను అచ్చులో చూపిన తొలి పుస్తకాల్లో అది ఒకటి. దీని గురించి కొంచెం ఆగి చెప్పాలి.

నాలుగు సువార్తల్లో లూకాను మాత్రమే చేతిలో పెట్టుకున్నవాడికి ఏం కనిపిస్తుందో ఒకసారి చదివి చూడండి. మొదటి అధ్యాయంలోనే దేవదూత ముసలి పూజారి జెకర్యాతో భయపడవద్దంటాడు. తర్వాత మరియతో అదే మాట. రెండో అధ్యాయంలో రాత్రి పొలంలో మందను కాస్తున్న గొర్రెల కాపరులతో అదే మాట. ఐదో అధ్యాయంలో చేపలు పట్టే సీమోనుతో, ఎనిమిదిలో కూతురు చనిపోయిందన్న కబురు విన్న తండ్రితో, పన్నెండులో చిన్న మందతో. ఇన్నిసార్లు ఒకే మాట. ఇప్పుడు ఆ మాటను విన్నవారు ఎవరో గుర్తు తెచ్చుకోండి. రాత్రి మంచె మీద కూర్చుని పందులను తోలేవాళ్లు. గోదావరిలో దోనె మీద వల వేసేవాళ్లు. బిడ్డ జ్వరంతో పోతుంటే వడ్డె ఇంటి వైపు చూసేవాళ్లు. కాపరులకు వెలుగు కనిపించినప్పుడు వాళ్లు చాలా భయపడ్డారని లూకా రాశాడు. చీకట్లో హఠాత్తుగా వెలుగు కనిపిస్తే మన ఊరివాళ్లకు తెలిసిన అర్థం ఒక్కటే: ఎవరో ఇళ్లకు నిప్పు పెట్టారు.

ఎనిమిదో అధ్యాయంలో మరో రెండు కథలు పక్కపక్కనే ఉన్నాయి. పడవ మునిగిపోతుంటే శిష్యులు కేకలు వేయడం ఒకటి. వరదలో గోదావరి దాటినవాడికి ఆ కథ చెప్పాల్సిన పని లేదు. రెండోది సమాధుల మధ్య బతికే పిచ్చివాడి కథ. ఊరు అతన్ని గొలుసులతో కట్టింది, అతను తెంపుకుని పోయేవాడు. యేసు అతన్ని బాగుచేశాడు. వింత ఏమిటంటే ఊరివాళ్లకు అసలు భయం అప్పుడు పట్టుకుంది. బట్టలు కట్టుకుని, బుద్ధిగా కూర్చున్న మనిషిని చూసి భయపడి, యేసును తమ ఊరు వదిలి పొమ్మన్నారు. ఇందులో నాకు మన ఊరు కనిపిస్తుంది. దయ్యం పట్టిందని అందరూ ఒప్పుకున్న మనిషి ఊరికి ఒక సౌకర్యం. ఏ చెడు జరిగినా చూపించడానికి ఒక వేలు, ఒక ఇల్లు ఉంటాయి. అతను బాగైతే ఆ వేలు ఎటు చూపించాలి? చేతబడి అనుమానం ఊళ్లో ఎలా పనిచేస్తుందో ఇంత సూటిగా చెప్పిన కథ మరొకటి నేను చదవలేదు.

మధిర వైపు కథ వేరు. మధిర వైరా ఏటి ఒడ్డున, కృష్ణా జిల్లా అంచున ఉన్న ఊరు. అడవి దిగి పొలాల్లోకి వస్తే, ఖమ్మం దాటి వచ్చే చివరి పెద్ద ఊరు అదే. 1880ల చివర నిజాం రైలు వరంగల్ మీదుగా బెజవాడకు చేరడంతో మధిరకు స్టేషను వచ్చింది. బొగ్గు లైను కలిసే చోట డోర్నకల్ జంక్షను అయింది. మిషన్లు రైలు వెంట వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో అమెరికన్ బాప్టిస్టులు మధిరలో మకాం పెట్టారు. డోర్నకల్‌కు వచ్చినవాళ్లు మాత్రం తెల్లవాళ్లు కారు. 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు తమ సొంత చందాలతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు. దాని మొదటి మిషనరీ శామ్యూల్ పాకియనాథన్ 1904లో నిజాం రాజ్యంలోకి వచ్చాడు. తెలుగు రాదు, తెలిసినవాళ్లు లేరు. ఆయన వెనుక వచ్చిన వి. ఎస్. అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశాడు. దుమ్ముగూడెం కూడా తర్వాత డోర్నకల్ డయాసిస్ కిందికి వచ్చింది, 1947లో దక్షిణ ఇండియా సంఘంలో భాగమైంది.

ఇక్కడ చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలు. వాళ్ల భయానికి దొర, పట్వారీ, వెట్టి అనే పేర్లున్నాయి. పిలిస్తే పోవాలి, పోకపోతే దెబ్బలు. అజరయ్య సంఘంలో ఈ భయం మీద పనిచేసింది గొప్ప ప్రసంగాల కన్నా ఊరి ఉపాధ్యాయుడని నేను అనుకుంటాను. పగలు పిల్లలకు పలక మీద అక్షరాలు దిద్దించినవాడే సాయంత్రం ప్రార్థన నడిపేవాడు. చీకటి పడే వేళకు పూరి పాకలో ఒక దీపం, దాని చుట్టూ గూడెం అంతా. ఒంటరిగా ఇంట్లో కూర్చుంటే భయం వేసే గంటలో నలుగురూ ఒక చోట ఉండేవారు, పాడేవారు, ఆ రోజు ఎవరింట్లో ఏం జరిగిందో మాట్లాడుకునేవారు. కొత్తగా బాప్తిస్మం పొందినవాడు తల మీద చెయ్యి పెట్టుకుని, తాను సువార్త చెప్పకుంటే తనకు శ్రమ అని ప్రమాణం చేయాలని అజరయ్య నియమం పెట్టాడు. దొర ముందు నోరు విప్పడం ఎరుగని మనిషి నలుగురిలో నిలబడి తన నోటితో ఒక మాట అనడం ఎంత పెద్ద సంగతో మనకు తెలుసు. మొదటిసారి గ్రామసభలో లేచి మాట్లాడినప్పుడు కాళ్లు ఎలా వణికాయో మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది.

ఇంకొకటి పిడికెడు బియ్యం. వంట చేసేటప్పుడు ఎసట్లో పోసే ముందు ఇంటావిడ ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం అది మందిరానికి వెళుతుంది. తెలుగు సంఘాలు ఈ పద్ధతి మీద బతికాయి. గింజలను చెట్టు తొర్రలో దాచుకున్న ప్రాంతంలో, రేపటి తిండి రేపు దొరుకుతుందన్న ధీమాతో గింజలను బయట పెట్టిన ఆడవాళ్లు వీళ్లు. ఈ మార్పు ఏ తేదీన జరిగిందో ఏ రికార్డులోనూ దొరకదు.

విశ్వాసంతో భయం నిజంగా పోయిందా అని లెక్క తీయబోయినవాడు కూడా ఉన్నాడు. మెథడిస్టు మిషనరీ జె. వాస్కమ్ పికెట్ 1933లో భారతదేశంలోని సామూహిక క్రైస్తవ ఉద్యమాల మీద ఒక పెద్ద అధ్యయనం అచ్చువేశాడు. మన తెలుగు నేలలో గుంటూరు, వికారాబాదు ప్రాంతాలు అందులో ఉన్నాయి. ప్రభువు ప్రార్థన వచ్చా, ఆదివారం ఆచరిస్తారా అనే ప్రశ్నల పక్కనే, దుష్టశక్తుల భయం నుంచి విడుదల అయిందా అన్నది కూడా ఆయన పరిశీలించాడు. అందరి దగ్గరా అవునన్న జవాబు రాలేదు. బాప్తిస్మం తీసుకుని ఏళ్లు గడిచినా తాయెత్తు తీయనివాళ్లు ఉన్నారు. నాకు ఇది తప్పుగా తోచదు. విశ్వాసం విత్తనం లాంటిదని సువార్తే చెబుతుంది, విత్తనం వేసిన రోజే కంకి రాదు. ఒక తరం తాయెత్తు కట్టుకునే ప్రార్థనకు వస్తుంది. రెండో తరం దాన్ని పెట్టెలో పెడుతుంది. మూడో తరానికి అది ఎందుకో తెలియదు. మీ ఇంట్లో ముసలివాళ్లు ఉంటే అడగండి, మీ పెట్టె ఏ తరంలో ఉందో తెలుస్తుంది.

విశ్వాసం చేయని పనులను కూడా దాని ఖాతాలో వేయకూడదు. మశూచి భయాన్ని పోగొట్టింది టీకా సూది. భారతదేశంలో చివరి మశూచి కేసు 1975లో నమోదైంది, ఆ తర్వాత ఆ అమ్మవారి పేరు చెప్పి వణికిన ఇల్లు లేదు. షావుకారు భయాన్ని కొంతైనా కట్టడి చేసింది చట్టం. గోదావరి ఎడమ ఒడ్డున 1917లోనే ఏజెన్సీ భూముల బదిలీకి, వడ్డీకి హద్దు పెట్టారు. కుడి ఒడ్డున నిజాం వైపు అలాంటి రక్షణ రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1940లలో హైమెండార్ఫ్ పాల్వంచ వైపు అడవుల్లో తిరిగినప్పుడు కొండరెడ్లు, కోయలు కలప కాంట్రాక్టర్ల చేతుల్లో ఎలా నలుగుతున్నారో రాశాడు. అదే నది, రెండు ఒడ్లు. ప్రార్థన రెండు ఒడ్లలోనూ చేశారు.

కొత్త భయాలను కూడా చెప్పుకోవాలి. కొన్ని మందిరాల్లో డోలును దయ్యపు వాద్యమన్నారు, కొమ్ము తలపాగాను, రేల పాటను మానిపించారు. అజరయ్య అలా అనుకోలేదు. డోర్నకల్‌లో 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెతీడ్రల్ చూడండి, గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిపి కట్టించాడు. మన దగ్గర మాత్రం ఆ ధైర్యం అందరికీ రాలేదు. కానుక తేకపోతే శాపం తగులుతుందని, పాస్టరుకు ఎదురు చెబితే బిడ్డకు జ్వరం వస్తుందని బెదిరించే బోధ ఈ మధ్య మన ఊళ్లలో వినిపిస్తోంది. చేతబడి భయానికి చొక్కా మార్చి తొడిగినట్టుంది అది. లూకా కోయలోకి వచ్చి నూట ముప్పై ఏళ్లు దాటింది, అందులో అలాంటి బెదిరింపు ఒక్కటి చూపించమని అడగండి.

మీలో చదువుకునేవాళ్లను పట్టి పీడిస్తున్న భయం మరొకటి ఉంది. మందిరానికి వెళితే ఎస్టీ సర్టిఫికెట్ పోతుందని. చాలామంది రికార్డుల్లో ఒకటి, ఇంట్లో ఒకటి రాసుకుని దొంగల్లా బతుకుతున్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు చదవండి. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది, మొదట హిందువులకే, తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో అలాంటి షరతు లేదు. మతం మారినంత మాత్రాన తెగ పోదని, తెగ ఆచారాలతో, సమాజంతో సంబంధం నిలిచి ఉందా అన్నదే చూడాలని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. మతం మారినవారిని తెగల జాబితా నుంచి తీసేయాలని ఇప్పుడు కొందరు అడుగుతున్నారు. అది ఒక కోరిక, చట్టం కాలేదు. ఆ తీర్పులో ఉన్న సంబంధం అనే మాట మాత్రం గట్టిగా పట్టుకోవాలి. కులపెద్ద ఇంటికి వెళ్లడం, భూమి పండుగ నాడు ఊళ్లో ఉండడం, కోయ మాట పిల్లలకు నేర్పడం: ఇవి మానేస్తే నష్టపోయేది మనమే.

చేతబడి అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు మన రెండు రాష్ట్రాల నుంచి ఇంకా వస్తూనే ఉన్నాయి. చర్ల దాటితే వచ్చే ఛత్తీస్‌గఢ్ 2005లోనే ఇలాంటి వేధింపుల మీద ప్రత్యేక చట్టం చేసుకుంది. మనకు అలాంటి చట్టం లేదు. ఊళ్లో ఒక ముసలమ్మ మీద వేలు చూపించినప్పుడు ప్రార్థనకు వెళ్లే కుర్రాడు, వేల్పును కొలిచే కుర్రాడు ఇద్దరూ ఆమె గుమ్మం ముందు కూర్చుంటే చాలు, ఆ రాత్రి గడుస్తుంది. అలా కూర్చోవడానికి ఎవరి మతమూ అడ్డు రాదు.

ఆ ఛత్తీస్‌గఢ్ నుంచే ఇంకో కబురు. బస్తర్‌లో కొన్నేళ్లుగా క్రైస్తవులైన ఆదివాసీలను ఊళ్ల నుంచి వెళ్లగొట్టడం, ఊరి శ్మశానంలో చోటు ఇవ్వకపోవడం జరుగుతోంది. 2022 డిసెంబరులో నారాయణపూర్, కొండగావ్ వైపు కుటుంబాలకు కుటుంబాలే ఇళ్లు వదిలి వచ్చాయి. 2025 జనవరిలో బస్తర్‌లోని ఒక పాస్టరు చనిపోతే ఆయన్ను సొంత ఊళ్లో పూడ్చనివ్వలేదు. కొడుకు సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఇద్దరు న్యాయమూర్తులు రెండు మాటలు చెప్పారు. తమ సొంత పొలంలో పూడ్చుకోనివ్వాలని ఒకరు, క్రైస్తవులకు కేటాయించిన చోటే పూడ్చాలని మరొకరు. దేహం అప్పటికే దాదాపు మూడు వారాలుగా మార్చురీలో ఉంది కాబట్టి విషయాన్ని పెద్ద ధర్మాసనానికి పంపకుండా, వేరే ఊళ్లో ఉన్న క్రైస్తవ శ్మశానంలో పోలీసు రక్షణతో ఖననం జరిపించాలని ఆదేశించారు.

మన కోయలకు పెద్దలు పడుకున్న చోటు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. మీ ఊళ్లో మందిరానికి వెళ్లే ఇంట్లో చావు జరిగితే ఎక్కడ పెడతారు, రాయి ఎవరు నిలబెడతారు? కులపెద్దను, పాస్టరును ఒకే అరుగు మీద కూర్చోబెట్టి ఈ ప్రశ్న అడిగి చూడండి, చావు రాకముందే.